మరుగుపడిన మూలం, మరుగున సాగిన సంరక్షణ: తెలుగు సినిమా పాటలో జానపదం

వ్యాససంగ్రహం

జానపద గేయాన్ని తనదిగా ప్రకటించుకున్న సంగీతకారుణ్ణి చౌర్యం పేరుతో ఖండించడం, అదే గేయాన్ని కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడినందుకు కొనియాడడం విమర్శలో రెండు వేర్వేరు వాదాలుగా సాగుతూ వచ్చాయి. ఈ రెండూ ఒకే వ్యక్తికి, ఒకే పాటకు వర్తించినప్పుడు ఏర్పడే చిక్కును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘రోజులు మారాయి’ (1955), ‘మా భూమి’ (1979), ‘లవ్ స్టోరీ’ (2021) చిత్రాల పాటలు, వింజమూరి సోదరీమణుల గానం ఇందుకు ప్రధాన ఆధారాలు. తులన కోసం బ్రెటన్ గేయసంకలనం ‘బర్జాజ్ బ్రేజ్’ చుట్టూ సాగిన వివాదాన్ని స్వీకరించడం జరిగింది. కర్తృత్వాన్ని దాచడంలో సినిమా రంగానికి ఉన్న బాధ్యతతోపాటు జానపద విజ్ఞాన పరిశోధనకు ఉన్న బాధ్యత కూడా ఇక్కడ చర్చకు వస్తుంది.

కీలక పదాలు: జానపద గేయం, సినిమా పాట, కర్తృత్వం, సేకరణ, నకిలీ జానపదం, పాటకత్తె, కొసరాజు, వింజమూరి సీత, సుద్దాల హనుమంతు

ఉపోద్ఘాతం

1839లో ఫ్రాన్సుకు చెందిన యువ కులీనుడు ఎర్సార్ ద లా విల్‌మార్కే ‘బర్జాజ్ బ్రేజ్’ పేరుతో బ్రెటన్ ప్రజల పాటల సంకలనాన్ని ప్రచురించాడు. యూరప్ పండితలోకం దాన్ని ఆదరించింది. మూడు దశాబ్దాలు గడిచాక బ్రెటన్ ప్రాంతానికే చెందిన మరో సేకర్త ఫ్రాన్స్వా-మరీ లుజెల్ ఆ పాటల ప్రామాణికతను బహిరంగంగా ప్రశ్నించాడు. అంత మెరుగుగా, అంత పురాతనంగా కనిపించే పాటలు పల్లెల్లో ఎక్కడా దొరకడం లేదన్నది అతని అభ్యంతరం. విల్‌మార్కే తన చేతిరాత పుస్తకాలను ఎవరికీ చూపలేదు. ఆ మౌనమే నేరాంగీకారంగా చెలామణి అయింది. 1895లో ఆయన మరణించేనాటికి ‘మోసగాడు’ అన్న ముద్ర స్థిరపడింది. 1964లో దొనాసియెన్ లోరాన్ అనే పరిశోధకుడికి ఆ చేతిరాత పుస్తకాలను చూసే అవకాశం లభించింది. విల్‌మార్కే ఊళ్ళు తిరిగి, పాడేవాళ్ళ ఎదుట కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకున్న పాటలు వాటిలో ఉన్నాయి. అచ్చులో ఆయన వాటికి నగిషీ పెట్టిన మాట నిజమే. సేకరణ కూడా అంతే నిజం. లోరాన్ పరిశోధన 1989లో గ్రంథరూపం పొందింది.

ఈ ఉదంతం తెలుగు పాఠకుడికి దూరమైనదిగా తోచవచ్చు. అయితే ఇందులోని ప్రశ్న తెలుగు సినిమా పాటను చదివే ప్రతి పరిశోధకుడి ముందూ నిలుస్తుంది. ఒక పాట తెరమీద ఒక కవి పేరుతో, ఒక సంగీత దర్శకుడి పేరుతో వెలువడుతుంది. అదే పల్లవిని పాలమూరులోనో పలాసలోనో నాట్లు వేస్తూ పాడిన ముసలమ్మ ఉంటుంది. తెరమీద పేరున్న వ్యక్తి ఆమె పాటను దాచుకున్నాడా, దాచిపెట్టాడా? తెలుగులో ‘దాచు’ అనే ధాతువుకు ఈ రెండర్థాలూ ఉన్నాయి. అపహరించి మరుగుపరచడమూ దాచడమే, రేపటి కోసం భద్రపరచడమూ దాచడమే. జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ గదుల్లో గత నాలుగు దశాబ్దాలుగా, అంతకుముందు మద్రాసులో, ఈ రెండు పనులూ ఏకకాలంలో జరుగుతూ వచ్చాయి.

విమర్శ పరిభాషలో దీనికి దగ్గరైన మాట అమెరికన్ జానపద విజ్ఞాని రిచర్డ్ డోర్సన్ 1950లో ప్రయోగించిన ‘ఫేక్‌లోర్’. కృత్రిమంగా అల్లి జానపదమని నమ్మించే సామగ్రికి ఆయన పెట్టిన పేరది. తెలుగులో ‘నకిలీ జానపదం’ అనవచ్చు. డోర్సన్ నిర్వచనం ఒక దిశలోనే చూస్తుంది. సొంత రచనను జానపదమని చూపడం ఆయన దృష్టిలో ఉంది. జానపదాన్ని సొంత రచనగా చూపడం లేదు. తెలుగులో రెండూ ఉన్నాయి. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా పేర్లు చెరిగిపోయిన మూడో స్థితి కూడా ఉంది. చర్చకు అత్యంత సారవంతమైనది బహుశా అదే.

ఏరువాక వరస ప్రయాణం

తాపీ చాణక్య దర్శకత్వంలో సారథి సంస్థ నిర్మించిన ‘రోజులు మారాయి’లో మాస్టర్ వేణు సంగీతంలో జిక్కి పాడగా వహీదా రెహమాన్ నర్తించిన ఏరువాక పాట జగద్విదితం. రచన కొసరాజు రాఘవయ్య చౌదరిది. జ్యేష్ఠ పౌర్ణమినాడు కాడెద్దులను అలంకరించి తొలి చాలు దున్నే ఏరువాక పండుగకు తెలుగు పల్లెల్లో ప్రత్యేకమైన పాటల సంప్రదాయం ఉంది. సినిమా పాట వరసకు ఆ సంప్రదాయమే ఆధారమన్నది సాధారణాభిప్రాయం. పాట ఎత్తుగడ, సంబోధన, ప్రతి పాదాంతంలో వంతకు విడిచిన చోటు ఈ అభిప్రాయాన్ని బలపరుస్తాయి.

ఆ పాట తరవాతి కథ మరింత ఆసక్తికరం. 1960లో వచ్చిన హిందీ చిత్రం ‘బొంబయి కా బాబు’లో ఎస్.డి. బర్మన్ ఈ వరసనే ఆశా భోంస్లేతో పాడించారు. అక్కడ దాన్ని విన్న శ్రోతకు తెలుగు నేలతోగాని ఏరువాకతోగాని సంబంధం తెలిసే వీలు లేదు. మాస్టర్ వేణు బాణీని బర్మన్ తీసుకున్నారని తెలుగువారు గర్వంతోనో ఆక్షేపణతోనో చెప్పుకుంటారు. ఆ గొలుసులో వేణుకు వెనుకనున్న కొక్కెం ఎవరన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. బొంబాయి మన వరస తీసుకున్నప్పుడు కలిగిన ధర్మాగ్రహం, మద్రాసు మన పల్లె వరస తీసుకున్నప్పుడు కలగలేదు. ఈ తేడాను గుర్తించకుండా సినిమా పాటలో జానపదం గురించి చేసే చర్చ అసమగ్రమే అవుతుంది.

అయినా కొసరాజును వంచకుల జాబితాలో చేర్చడం అన్యాయం. 1905లో గుంటూరు సీమలోని అప్పికట్లలో జన్మించిన ఈ కవి భజన, కోలాటం, వీధిభాగవతం, తత్త్వం వంటి గ్రామీణ రూపాలను పుస్తకాల్లో కాక చెవులతో నేర్చినవాడు. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939) నాటినుంచి ఆయన సినిమా పాటల్లో ఈ రూపాలు ఒకదాని వెంట ఒకటి ప్రవేశించాయి. హాస్యగీతమనీ, జనం ఈలలు వేసే పాట అనీ తేలిగ్గా తీసుకున్న అనేక రచనల్లో సంవాదగీత నిర్మాణం, ప్రశ్నోత్తర సరళి, ఊతపదాల ఆవృత్తి పదిలంగా ఉన్నాయి. ‘మంచి మనసులు’ (1962)లో మామా భామల సరసపు పాట ఇందుకు నిదర్శనం. పల్లెల్లో స్త్రీ పురుషుల సంవాదగీతాలకు ఉన్న చమత్కారమే దాని అస్థిపంజరం. పండితుల దృష్టి పడని చోట, హాస్యపాత్రల నోట, కొసరాజు ఒక సంప్రదాయాన్ని దాచారు. దీన్ని ఆయన సేకరణ అని ఎన్నడూ పిలవలేదు. తెరమీద రచన అనే పడింది. సేకర్త అన్న గౌరవం దక్కని సంరక్షకుడి పరిస్థితి ఇది.

ఏరువాక పాటలో కొసరాజు చేసిన మార్పునూ గమనించాలి. పండుగ వర్ణన మధ్యలో పల్లె విడిచి పట్నం చేరినవాళ్ళమీద, రాజకీయాలమీద విసుర్లున్నాయి. కౌలురైతు భూమి సమస్యను కథావస్తువుగా తీసుకున్న సినిమాకు ఆ విసుర్లు అతికినట్టు సరిపోయాయి. మూలగేయంలో ఇవి ఉండవు. విల్‌మార్కే పెట్టిన నగిషీ లాంటిదే ఇదీ. అయితే విల్‌మార్కే తన నగిషీని పురాతనమని నమ్మించాడు. కొసరాజు దాన్ని తన కాలపుదిగానే వినిపించాడు. ఇద్దరి నైతిక స్థితిలో తేడా ఇక్కడుంది.

జానపదమని పేరుపడిన రచనలు

రెండో దిశకు సంబంధించిన ఉదాహరణలు సినిమాకు ముందే మొదలయ్యాయి. నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ 1925లో గ్రంథరూపంలో వచ్చాయి. వాటి భాష గోదావరి ప్రాంతపు పలుకుబడి. వాటి కర్త మాత్రం చదువుకున్న భావకవి. కొనకళ్ళ వెంకటరత్నం ‘మొక్కజొన్న తోటలో’ మరింత స్పష్టమైన ఉదాహరణ. దాన్ని పొలంగట్టున పుట్టిన పాటగా భావించేవారు ఇప్పటికీ అనేకులు. కవి పేరు చెబితే ఆశ్చర్యపోతారు.

ఈ భ్రమకు కొంత కారణం వింజమూరి సోదరీమణులు. 1920లో కాకినాడలో జన్మించిన అనసూయ, ఆమె చెల్లెలు సీత, భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రికి మేనకోడళ్ళు. రేడియోలో, గ్రామఫోన్ రికార్డుల్లో, సభల్లో వీరిద్దరూ భావగీతాలనూ జానపద గేయాలనూ ఒకే వేదికమీద, ఒకే హార్మోనియం శ్రుతిలో పాడారు. అప్పటివరకు కచేరీ మర్యాదకు బయట నిలబడిన దంపుళ్ళ పాటలు, జోలలు, పడవ పాటలు విద్యావంతుల ఇళ్ళలోకి ఈ మార్గానే వచ్చాయి. జానపద గేయానికి స్వరలిపి కూర్చి ప్రచురించడంలో అనసూయాదేవి కృషి చిరకాలం సాగింది. చివరి దశలో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడి, 2019లో మరణించేవరకు ఆ పాటలే ఆమె జీవితం. సీత ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో జానపద సంగీత ప్రయోక్తగా పనిచేశారు.

వీరి గానంలో కవి రాసిన పల్లెపాట, పల్లె పాడిన పల్లెపాట పక్కపక్కన నిలిచి, కంఠమాధుర్యం రెండింటినీ ఏకం చేసింది. శ్రోతకు హద్దు చెరిగిపోయింది. ఈ చెరిపివేతలో మోసబుద్ధి లేదు. ఫలితం మాత్రం మోసం చేసే ఫలితమే. కొనకళ్ళ పేరు జనం నాలుకమీద నిలవలేదు. మరోవైపు, అసలైన దంపుళ్ళ పాటలను ఎవరి వద్ద నేర్చారో ఆ పేర్లూ నిలవలేదు. ఒకే వేదికమీద కవి అనామకుడయ్యాడు, పాటకత్తె అనామకురాలయింది, గాయనులు మాత్రం సుప్రసిద్ధులయ్యారు. గానకళకు సహజమైన ఈ అసమానతకు సోదరీమణులను తప్పుపట్టడం తగదు. కానీ దాన్ని చూసీ చూడనట్టు వదిలిన పరిశోధనను తప్పుపట్టవచ్చు.

అమెరికన్ గాయకుడు జాన్ జాకబ్ నైల్స్ ఉదంతం ఇక్కడ పోలికకు పనికొస్తుంది. 1933లో ఉత్తర కరొలైనాలోని ఒక చిన్న ఊళ్ళో ఒక పేద బాలిక పాడగా విన్న రెండు మూడు పాదాలను ఆధారంగా చేసుకుని ఆయన ఒక క్రిస్మస్ గీతాన్ని పూర్తిచేశాడు. లోకం దాన్ని ప్రాచీన జానపద గీతంగా స్వీకరించింది. నైల్స్ అది తనదని నిరూపించుకోవడానికి న్యాయపోరాటం చేయవలసి వచ్చింది. జానపదమన్న ప్రతిష్ఠతో పేరుపొందిన పాటకు చట్టరీత్యా కర్తృత్వం కావలసి వచ్చినప్పుడు ఏర్పడిన ఇరకాటమది. ఆ బాలిక పాడిన ప్రతిసారీ ఇరవైఅయిదు సెంట్లు ఇచ్చానని ఆయనే రాసుకున్నాడు. మూలానికి చెల్లించిన వెల ఎంతో తెలిసిన అరుదైన సందర్భం ఇది.

‘మా భూమి’ తరవాత

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటాన్ని చిత్రించింది. దాని సంగీత దర్శకుల్లో ఒకరు వింజమూరి సీత. రేడియో కోసం జీవితమంతా జానపద బాణీలు వింటూ, పాడిస్తూ వచ్చిన వ్యక్తికి సినిమా అప్పగించిన ఉచితమైన బాధ్యతల్లో ఇది ఒకటి. స్టూడియో వాద్యబృందపు ఆర్భాటం ఆ చిత్రంలో లేదు. డప్పు, వంత, ఒంటి గొంతు ప్రధానం.

ఆ చిత్రంలోని పల్లెటూరి పిల్లగాడి పాట రచయిత సుద్దాల హనుమంతు. నల్లగొండ జిల్లాలో పోరాటకాలంలో ఆయన కట్టిన పాట అది. బండెనక బండి కట్టి పాట బండి యాదగిరి రచనగా ప్రసిద్ధం. తెరమీద గద్దర్ పాడారు. ఈ రెండు పాటలూ సినిమాకు మూడు దశాబ్దాల ముందే దళాల వెంట, సభల వెంట తిరిగాయి. పాడేవాడి ప్రాణానికే ముప్పున్న రోజుల్లో పాటకు పేరు తగిలించకపోవడం ఆత్మరక్షణ కూడా. అలా కర్త పేరు జారిపోయి, ప్రజల పాటగా మారి, చివరికి ‘తెలంగాణ జానపదం’ అన్న శీర్షిక కింద అచ్చయిన సందర్భాలున్నాయి. సినిమా ఇక్కడ విపరీతమైన పని చేసింది. జానపదంలో కలిసిపోతున్న పాటను తిరిగి కర్తకు అప్పగించింది. హనుమంతు పేరు తరవాతి తరానికి చేరడంలో ఆ చిత్రానికి గట్టి పాత్ర ఉంది. సినిమా రంగమంటే మూలాన్ని మరుగుపరిచే యంత్రమన్న సూత్రీకరణకు ‘మా భూమి’ లొంగదు.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తీసుకుంది. హనుమంతు కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీకవిగా స్థిరపడి, 2021లో శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’కి సారంగ దరియా పాట రాశారు. పవన్ సి.హెచ్. సంగీతంలో మంగ్లీ పాడిన ఆ పాట కొద్దిరోజుల్లోనే కోట్ల శ్రోతలను చేరింది. వెంటనే వివాదం రేగింది. ఆ పాటను తాను సేకరించాననీ, ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ముందే పాడాననీ జానపద గాయని కోమలి ముందుకు వచ్చారు. పల్లవి జానపదమనీ, చరణాలు తాను కొత్తగా రాశాననీ కవి వివరించారు. కోమలికి తగిన గుర్తింపు ఇస్తామని దర్శకుడు బహిరంగంగా ప్రకటించారు.

తండ్రి కట్టిన పాట కర్త పేరు పోగొట్టుకుని జానపదమైంది. కొడుకు చేతికి వచ్చిన జానపదం కర్త పేరు సంపాదించుకుని సినిమా పాటయింది. ఒకే ఇంట, రెండు తరాల్లో, ఎదురెదురు దిశల్లో జరిగిన ఈ ప్రయాణాన్ని పక్కపక్కన పెట్టి చూడకపోతే చర్చ ‘ఎవరు దొంగ’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. వార్తా చానళ్ళలో ఆగిపోయింది కూడా.

ఈ వివాదంలో కవి ఇచ్చిన వివరణ విమర్శకు కీలకమైనది. ‘పల్లవి జానపదం, చరణాలు నావి’ అన్నది తెలుగు సినిమా పాటకు దాదాపు స్థిరమైన సూత్రం. పల్లవి మూలంలోనిది, జ్ఞాపకంలో నిలిచేది అదే. చరణం సినిమా కథకు అతికేది. శ్రోత పాడుకునేది పల్లవి; చట్టం గుర్తించేది మొత్తం పాటను. పాట ప్రాణం ఎక్కడుందో, పారితోషికం ఎక్కడికి చేరుతుందో ఆ రెండు చోట్లూ వేరు. మరో సంగతి కూడా ఉంది. కోమలి వాదం రచన మీద హక్కు కాదు. సేకరించినందుకు, ముందుగా పాడినందుకు గుర్తింపు కావాలన్నదే ఆమె కోరిక. సేకర్తకు గుర్తింపు ఇవ్వాలన్న భావన తెలుగు ప్రజాక్షేత్రంలో ఇంత గట్టిగా వినిపించిన సందర్భాలు బహు తక్కువ.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో అమ్మకానికి వచ్చే పాత సామానుమీద పూర్వ యజమాని పేరుండదు. వస్తువు పనిచేస్తే చాలు, కొన్నవాడిదే. ఆ సంతకు కూతవేటు దూరంలోని యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గదుల్లో కోరస్ పాడేవాళ్ళు, డప్పు వాయించేవాళ్ళు, పల్లెనుంచి వరసలు మోసుకువచ్చిన యువకులు అవకాశాల కోసం ఎదురుచూస్తుంటారు. కొండమీది స్టూడియోకు వాళ్ళ వరస చేరే పద్ధతికీ, సంతలో సామాను చేతులు మారే పద్ధతికీ పెద్ద తేడా లేకపోవడమే అసలు బాధ.

పాట నిలిచింది, పని పోయింది

సినిమా వల్ల పాట బతికిందన్న వాదాన్ని కొంత దగ్గరగా చూడవలసి ఉంది. శ్రామిక గేయానికి లయ పనినుంచి వస్తుంది. రోకటి పోటు ఎత్తుదిగుళ్ళు దంపుళ్ళ పాట తాళాన్ని నిర్ణయిస్తాయి. నాటు వేసేవాళ్ళ వంగిన నడుము, వెనక్కి వేసే అడుగు నాట్ల పాట నడకను నిర్ణయిస్తాయి. ముందు పాడే స్త్రీ అలసట పెరిగినకొద్దీ వేగాన్ని తగ్గిస్తుంది, మేస్త్రి అదిలించినప్పుడు పెంచుతుంది, ఎదురుగా ఉన్నవాళ్ళ పేర్లు చరణంలో ఇరికించి నవ్విస్తుంది. వంతపాడేవాళ్ళకు ఊపిరి తీసుకునే విరామం ఆమె పాటే. బియ్యం మిల్లు వచ్చాక దంపుళ్ళ పాటకు పని పోయింది. నాట్ల యంత్రం వస్తే రెండోదానికీ అదే గతి.

స్టూడియోలో లయ ముందే స్థిరమైపోతుంది. క్లిక్ ట్రాక్‌కు అలసట తెలియదు. పాట నాలుగు నిమిషాల్లో ముగియాలి. మూలంలో అది పొలం గట్టు చేరినప్పుడు ముగుస్తుంది. కనుక సినిమా కాపాడేది వరసను, పల్లవిని, కొన్ని పలుకుబళ్ళను. అప్పటికప్పుడు చరణం కట్టే శక్తి కాపాడబడదు. జానపద గేయంలో అత్యంత విలువైనది ఆ శక్తేనన్న అభిప్రాయం ఇక్కడ బలంగా ప్రతిపాదించవలసి ఉంది. ‘బలగం’ (2023) ముగింపులో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన కథాగీతం ప్రేక్షకులను కన్నీరు పెట్టించడానికి కారణం వరస ఒక్కటే కాదు. చనిపోయినవాడి ఇంటిముందు కూర్చుని, ఆ ఇంటివాళ్ళ పేర్లతో, ఆ ఇంటివాళ్ళ తప్పొప్పులతో పాటను అల్లే ఆచారాన్ని దర్శకుడు వేణు యెల్దండి యథాతథంగా కథలో పెట్టారు. పాటకు దాని పని తిరిగి దొరికింది. సినిమాలో ఇలాంటి సందర్భం అపురూపం.

దీనికి ఎదురుగా ‘అల వైకుంఠపురములో’ (2020) పతాక సన్నివేశంలో వినిపించే సిత్తరాల సిరపడు పాట ఉంది. శ్రీకాకుళం మాండలికంలో, ఆ ప్రాంతపు వీరగీతాల ఒరవడిలో ఉన్న ఈ పాటను జానపదమనుకున్నవారు తక్కువేమీ కాదు. రచయిత విజయ్ కుమార్ భల్లా. డోర్సన్ ప్రమాణంతో కొలిస్తే దీన్ని నకిలీ అనవలసి వస్తుంది. ఆ తీర్పు సరైనది కాదు. కర్త పేరు బహిరంగంగా ఉంది, జానపదమని ఎవరూ నమ్మించలేదు, మాండలికానికి గౌరవం దక్కింది. నకిలీతనం పాట నిర్మాణంలో ఉండదు. దానికి తగిలించిన చీటీలో ఉంటుంది.

పేరు చెప్పినంతమాత్రాన సమస్య తీరదని మరో ఉదాహరణ గుర్తుచేస్తుంది. ‘భీమ్లా నాయక్’ (2022) శీర్షికగీతానికి పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య గొంతు ఎత్తుగడ అయింది. ఆయన పేరు, ముఖం, వాద్యం రాష్ట్రమంతా తెలిశాయి. 2022లో పద్మశ్రీ లభించింది. రెండేళ్ళు దాటాక ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తున్నట్టు పత్రికలు రాశాయి. కీర్తి నిలకడైన జీవనోపాధిగా మారలేదు. కిన్నెర నేర్చుకునే శిష్యుడికి తిండి ఎలా దొరుకుతుందన్న ప్రశ్నకు సినిమా పాటలోగాని పురస్కారంలోగాని జవాబు లేదు.

చట్టం చూసేది, చూడనిది

1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో జానపద గేయానికి ప్రత్యేక రక్షణ లేదు. కర్త తెలియని, తరతరాలుగా వస్తున్న పాటను ఎవరైనా స్వీకరించవచ్చు. స్వీకరించి మార్చిన రూపానికి మాత్రం హక్కు ఏర్పడుతుంది. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. 2012 సవరణ ప్రదర్శకుడిగా గుర్తింపు పొందే నైతిక హక్కును జోడించింది. పాటకత్తె గొంతును రికార్డు చేసి వాడుకుంటే ఆమెకు ఈ నిబంధనలు అక్కరకు వస్తాయి. ఆమె పాడగా విని, వరస నేర్చుకుని, మరొకరితో పాడిస్తే రావు. సినీ రంగంలో తరచు జరిగేది రెండోదే.

1982లో యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి జానపద వ్యక్తీకరణల రక్షణకు నమూనా నిబంధనలు రూపొందించాయి. వాటిలో మూలాన్ని పేర్కొనడం ఒక బాధ్యతగా ఉంది. ఏ సముదాయానిది, ఏ ప్రాంతానిది అని చెప్పాలన్నది దాని సారం. అవి నమూనాలు మాత్రమే. 2003 నాటి అమూర్త వారసత్వ ఒడంబడికను భారత్ 2005లో ఆమోదించింది. అది పరిరక్షణ గురించి మాట్లాడుతుంది, పాట సొమ్ము పంపకం గురించి కాదు. చట్టం నుంచి అంతకుమించి ఆశించడం ప్రస్తుతానికి అత్యాశ. తెరమీద ‘రచన’ పక్కన ‘మూలం: ఫలానా ప్రాంతపు నాట్ల పాట, వినిపించినవారు ఫలానా’ అన్న ఒక పంక్తికి చట్టం అడ్డు రాదు, అవసరమూ లేదు.

సేకర్తల వంతు

సినిమావాళ్ళను ఈ గీటురాయిమీద పెట్టిన పరిశోధన తననూ అదే గీటురాయిమీద పెట్టుకోవలసి ఉంటుంది. 1874లో జె.ఎ. బాయిల్ తెలుగు వీరగీతాలమీద రాసిన నాటినుంచి, నేదునూరి గంగాధరం ఊళ్ళు తిరిగి కూర్చిన సంపుటాల మీదుగా, 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి బిరుదురాజు రామరాజు పిహెచ్.డి. పొందిన జానపద గేయ సాహిత్య పరిశోధన వరకు తెలుగు జానపద విజ్ఞానం సాధించింది అసామాన్యం. వేల పాటలు అచ్చులోకి వచ్చాయి. అయితే తెలుగు గేయసంకలనాల్లో అధికభాగం తెరిచి చూస్తే సేకర్త పేరు అట్టమీద కనిపిస్తుంది. పాట కింద పాడినవారి పేరు, ఊరు, వయసు, కులం, ఏ పనిలో ఉండగా పాడారన్న వివరం కనిపించదు. ‘జానపదం అనామకం’ అన్న సిద్ధాంతం ఈ లోపానికి సాకుగా ఉపయోగపడింది. కర్త అజ్ఞాతం కావచ్చు. పాడిన వ్యక్తి సేకర్త ఎదుట కూర్చునే ఉంది. ఆమె పేరు అడగకపోవడానికి సిద్ధాంతం కారణం కాదు. అలా పేరులేకుండా అచ్చయిన పాటను సినీకవి ఎత్తుకుంటే అతను ఎవరి పేరు చెప్పాలి?

విల్‌మార్కే చేతిరాత పుస్తకాలకు ఇంత విలువ రావడానికి కారణం, అచ్చుపుస్తకం చెప్పని సంగతులు వాటిలో ఉండడమే. తెలుగు సినిమా విషయంలో అలాంటి ఆధారాలు ఎక్కడున్నాయన్నది తక్షణ ప్రశ్న. సంగీత దర్శకుల నోటుపుస్తకాలు, బాణీలు కట్టే వేళ తీసిన కేసెట్లు, ఆకాశవాణి కేంద్రాల టేపులు, ఒప్పందపత్రాలు, గ్రామఫోన్ రికార్డుల చీటీలు ఈ కోవలోకి వస్తాయి. వారసుల ఇళ్ళల్లో చెదలు పడుతున్నవాటికి సూచిక తయారుచేయడం ఒక్కొక్క సిద్ధాంతవ్యాసానికి సరిపడేంత పని. హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, ఆ విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఫిల్మ్‌నగర్‌కూ ఈ సంస్థలకూ మధ్య రాకపోకలు మాత్రం స్వల్పం.

క్షేత్రపర్యటనలో మరో జాగ్రత్త అవసరమవుతోంది. పల్లెలో పాటకత్తె ఈరోజు పాడే సారంగ దరియా సినిమా రూపమా, అంతకుముందు రూపమా? ‘ఈ పాట ఎప్పుడు నేర్చుకున్నావమ్మా, ఎవరి దగ్గర?’ అన్న ప్రశ్నకు ‘టీవీలో’ అన్న జవాబు వచ్చినప్పుడు ఆ పాటను పక్కన పెట్టేయడం పరిశోధకుల్లో రివాజు. ఆ రివాజు మారాలి. ఆమె టీవీలో విన్న పల్లవికి తన ఊరి చరణాలు చేర్చి పాడుతుండవచ్చు. సినిమా తీసుకువెళ్ళిన పాటను ఆమె వెనక్కి తెచ్చుకుంటున్నట్టు. అప్పుడు రాసుకోవలసినవి మూడు: సినిమా చరణాల్లో ఆమె వదిలేసినవేవి, నిలుపుకున్నవేవి, కొత్తగా కట్టినవేవి. వాటికింద ఆమె పేరు, ఊరు, పాడిన తేదీ.